తాతయ్య మిల్లు గోడౌన్లో పాత ఫియట్ దొరికింది, ముందు ఏం చేయాలి?

కొల్లిపర మనవడు:
నమస్కారమండీ. మా అమ్మమ్మగారి ఊరు తెనాలి దగ్గర కొల్లిపర. తాతయ్య రైసుమిల్లు ఆగిపోయి చాలా ఏళ్లయింది. స్థలం అమ్ముదామని మావయ్య పోయిన ఆదివారం గోడౌను తెరిపించాడు. తాళం రాకపోతే కోయించాం. లోపలంతా ఊక బస్తాలు. వాటి వెనక తాటాకు తడిక. తడిక లాగితే కారు.

ఆ కారు ఎప్పుడో అమ్మేశారనే ఇంటిల్లిపాదీ అనుకున్నాం. అమ్మకి ఫోటో పంపి ఫోన్ చేస్తే కాసేపు మాట రాలేదు. తర్వాత, "వెనక ఎడం పక్క నా చోటు. అద్దం దించే పిడికి బుడిపె ఊడిపోయి ఉండాలి, చూడు" అంది. చూశాను. పిడి ఉంది, బుడిపె లేదు.

ఫియట్ 1100. లేత ఆకుపచ్చ రంగు. గేరు స్టీరింగు పక్కనే ఉంది. ముందు తలుపులకి కీళ్లు వెనకవైపున్నాయి, మామూలు కార్లకి తిరగబడి తెరుచుకుంటున్నాయి. టైర్లు నాలుగూ నేలకి అతుక్కుపోయాయి, సీట్లలో ఎలకల గూళ్లు. ఆర్సీ పుస్తకం అంచులు చెదలు తినేశాయి గానీ తాతయ్య పేరు, 1958 అన్న అంకె స్పష్టంగా ఉన్నాయి.

పాత ఇనుము కొనేవాళ్లు తూకానికి అడుగుతున్నారు. మావయ్యని బతిమాలి నెల గడువు తీసుకున్నాను. ఊళ్లో మెకానిక్ ట్రాక్టరుకి కట్టి లాగితే స్టార్టవుతుందంటున్నాడు. లాగించనా? దీన్ని మళ్లీ రోడ్డెక్కించడానికి చట్టం ఒప్పుకుంటుందా?

ఆటోనగర్ బాబాయి:
బాబూ, ట్రాక్టరు మాట మర్చిపో. ఇన్నేళ్లు కదలని ఇంజన్లో పిస్టన్ రింగులు తుప్పుతో బోరుకి, అంటే సిలిండర్ లోపలి గోడకి, పట్టేసి ఉంటాయి. బలవంతాన తిప్పితే రింగులు విరిగి బోరు గీసుకుపోతుంది. ఇలాగే లాగించిన అంబాసిడర్ ఒకటి నా షెడ్డుకొచ్చింది. ఇంజన్ కింద ఆయిలు సంపు విప్పితే రింగు ముక్కలు మూడు దొరికాయి. ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉన్నాయి, కుర్రాళ్లకి చూపిస్తుంటాను.

నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండర్లో డీజిలూ ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పోసే) ఆయిలూ కలిపి రెండు మూడు చెంచాలు పొయ్యి. ప్లగ్గుల చోట గుడ్డ కుక్కి వారం వదిలెయ్. నూనె కిందికి దిగిపోతుంటే మళ్లీ పొయ్యి. తర్వాత మిగతా చక్రాలకి రాళ్లు పెట్టి, వెనక చక్రం ఒకటి జాకీతో లేపి, టాప్ గేరులో వేసి చక్రాన్ని చేత్తో తిప్పు. వెనక చక్రాలతో నడిచే బండి కాబట్టి ఇంజన్ దాంతోపాటే తిరుగుతుంది. కదలకపోతే ఇంకో వారం ఆగు. పానాకి పైపు తొడిగి గుంజొద్దు.

కదిలిందని సంబరపడి బ్యాటరీ పెట్టేయకు. పాత ఆయిలు తీసెయ్. ట్యాంకులో పెట్రోలు బంకలా మారి ఉంటుంది, అది కార్బొరేటర్లోకి వెళ్తే మళ్లీ మొదటికొస్తావు. ట్యాంకు దింపి కడిగించాలి. నాలుగు చక్రాలకీ డ్రమ్ముల్లో బ్రేకుల్ని నొక్కే వీల్ సిలిండర్లు పట్టేసి ఉంటాయి, బ్రేకులు బాగయ్యేదాకా బండి కదపొద్దు.

ఇంజన్ కంటే నాకు బాడీ మీదే బెంగ. స్టాండర్డ్ హెరాల్డు కారు అయితే కింద చాసీ, అంటే అడుగు చట్రం, వేరే ఉంటుంది, బాడీని పైకి లేపి పని చేసుకోవచ్చు. ఈ ఫియట్‌కి బాడీయే చాసీ. తలుపుల కింద బారుగా ఉండే పెట్టె భాగాన్ని స్క్రూడ్రైవరు పిడితో తడుతూ వెళ్లు. ఖంగుమంటే రేకు గట్టిది. మెత్తగా పలికితే లోపల తుప్పు తినేసినట్టే. ఊక చెమ్మ పట్టుకుంటుంది, కింద ఒక్క గింజ కూడా మిగలకుండా తీయించు. నీళ్లు కొట్టించకు. ఊడిన ప్రతి స్క్రూనీ కవర్లో వేసి పేరు రాసుకో.

నీది పాత రకం. బొంబాయిలో డుక్కర్ (పంది) ఫియట్ అంటారు. ముందువైపు కీళ్లున్న తలుపులతో 1100డి డిలైట్ 1964లో వచ్చింది, అదే తర్వాత ప్రీమియర్ పద్మిని కారు అయింది. పెట్రోలు ఇంజన్ అన్నిటికీ 1089 సీసీయే. తలుపు కీళ్లు, క్రోమ్ పట్టీలు మాత్రం పద్మినివి నీ బండికి సరిపోవు. ఏ ముక్కా పారెయ్యకు.

హైదరాబాద్ నుంచి ఒక లాయరు:
కాగితాల సంగతి చెప్తాను. యజమాని చనిపోయారు కాబట్టి వారసుల పేరుకి మార్చడానికి ఫారం 31. మీ అమ్మగారూ మావయ్యగారూ ముందే ఒక మాట మీదికి రావాలి. తర్వాత, 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ (పాతకాలపు బండ్ల) నిబంధనలు చూడండి. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండికి వర్తిస్తాయి. కొత్తగా రిజిస్ట్రేషన్ చేయిస్తే ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఇప్పటికే నంబరున్న బండికి ఆ నంబరే ఉంచుకోవచ్చు. ప్రదర్శనలకీ ర్యాలీలకీ తిప్పుకోవచ్చు గానీ రోజువారీ వాడకానికి కుదరదు. ఆ ఆర్సీని ఈరోజే స్కాన్ చేయించండి, అది పోతే చాలా తిరగాల్సి వస్తుంది.

కొల్లిపర మనవడు:
పన్నెండో రోజు చక్రం తిప్పితే ఫ్యాను బెల్టు రెండంగుళాలు కదిలింది! మావయ్య తనే ఇనుము కొనేవాళ్లకి ఫోన్ చేసి రావద్దన్నాడు. అమ్మ వచ్చింది. సీటు స్ప్రింగుల మీద దుప్పటి పరుచుకుని తన చోట్లో చాలాసేపు కూర్చుంది. బాబాయిగారూ, ట్యాంకు దింపుదామంటే నట్లు అరిగి పానా జారిపోతోంది. గ్యాసుతో వేడి చేసి తీస్తానంటున్నాడు ఇక్కడి కుర్రాడు.

ఆటోనగర్ బాబాయి:
వద్దు! ఖాళీ ట్యాంకులో ఆవిరే ఎక్కువ ప్రమాదం. మంటా వద్దు, గ్రైండరూ వద్దు. తుప్పు వదిలే ఆయిలు పొద్దునా సాయంత్రం కొట్టి, రెండ్రోజుల తర్వాత ఉలితో మెల్లగా తిప్పి చూడమను. అప్పటికీ రాకపోతే అలాగే ఉంచెయ్, శనివారం నేనే వస్తాను.