మధ్యాహ్నం పూట సిస్టమ్ ఆరిపోతోంది: మార్చవలసింది ఎస్‌ఎంపిఎస్సా, కూలరా?

అంబర్‌పేట ఎడిటర్:
పెళ్లి వీడియోల ఎడిటింగ్ నా జీవనాధారం. నా సిస్టమ్‌లో రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3070 గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపిఎస్ (భాగాలన్నింటికీ విద్యుత్తు అందించే పెట్టె) ఉన్నాయి. ఎండలు ముదిరినప్పటి నుంచి, మధ్యాహ్నం ఎక్స్‌పోర్ట్ పెడితే నీలి తెర కూడా రాకుండా సిస్టమ్ ఒక్కసారిగా ఆరిపోతోంది. అదే ఫైలు రాత్రి పూట ఏ ఇబ్బందీ లేకుండా పూర్తవుతోంది. గది పై అంతస్తులో ఉంది, పైన రేకులు, ఏసీ లేదు. క్యాబినెట్ టేబుల్ అరలో ఉంటుంది. ప్రాసెసర్ 84 డిగ్రీలు, కార్డు 78 డిగ్రీలు చూపిస్తున్నాయి. ఒక షాపులో కూలర్ మార్చమన్నారు, మరో షాపులో ఎస్‌ఎంపిఎస్ పోయిందన్నారు. ఇద్దరూ క్యాబినెట్ తెరవకుండానే చెప్పారు. నా దగ్గర ఒక్కదానికే డబ్బు ఉంది. ఏది కొనమంటారు?

బోయిన్‌పల్లి గేమర్:
విండోస్ తన లోపాలను నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 కనబడితే అది ఎస్‌ఎంపిఎస్సే.

కొండాపూర్ 230:
కూలర్ జోలికి వెళ్లకండి. 5600ఎక్స్ గరిష్ఠ పరిమితి 95 డిగ్రీలు, 3070 పరిమితి 93 డిగ్రీలు. ప్రాసెసర్ వేడెక్కితే ముందుగా తన వేగాన్ని తగ్గించుకుంటుంది, ఎక్స్‌పోర్ట్ నెమ్మదిస్తుంది. అది కూడా చాలనప్పుడే ఆరిపోతుంది. మీకు నెమ్మదించడమే లేదు కనుక లోపం విద్యుత్తు వైపే ఉంది. 3070 సగటున 220 వాట్లు తీసుకున్నా, కొన్ని మిల్లీసెకన్ల పాటు దానికి చాలా పైకి వెళుతుంది. 750 వాట్ల గోల్డ్ కొనండి, సమస్య తీరిపోతుంది.

పార్క్‌లేన్ బెంచి:
పరీక్ష చేయకుండా ఏదీ కొనవద్దు. 41 అనే నమోదు సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే చెబుతుంది, ఎందువల్లనో చెప్పదు. ప్లగ్ పీకినా అదే వస్తుంది. ఎడిటర్ గారూ, ముందు ఒక్క మాట చెప్పండి: ఆరిపోయాక దానంతట అదే మళ్లీ మొదలవుతోందా, లేక బటన్ నొక్కినా పలకడం లేదా?

కొండాపూర్ 230:
ఈ ప్రశ్నలన్నీ కాలయాపన. గోల్డ్ అంటే పరీక్షించి ఇచ్చిన ధ్రువపత్రం.

పార్క్‌లేన్ బెంచి:
80 ప్లస్ గోల్డ్ అనేది సామర్థ్యానికి ఇచ్చిన గుర్తు. గోడ నుంచి తీసుకున్న విద్యుత్తులో ఎంత భాగం బోర్డుకు చేరుతుందో అది చెబుతుంది. ఆ పరీక్ష సుమారు 23 డిగ్రీల గదిలో జరుగుతుంది. వోల్టేజి ఎంత నిలకడగా ఉంటుందో, రక్షణ సర్క్యూట్లు ఎప్పుడు పనిచేస్తాయో ఆ బంగారు రంగు చీటీ చెప్పదు. అంబర్‌పేటలో రేకుల కింద మే నెల మధ్యాహ్నం పనిచేసే మనిషికి కావలసింది, పూర్తి వాట్లను 40 డిగ్రీల దగ్గర ఇస్తుందా, 50 డిగ్రీల దగ్గర కూడా ఇస్తుందా అన్న సమాచారం. దానిని చూడకుండా రంగు చూసి కొనడం సరికాదు.

మౌలాలి విశ్రాంత ఇంజినీరు:
మీరిద్దరూ ఎర్తింగ్‌ను వదిలేశారు. క్యాబినెట్‌ను చేతితో తాకితే జిల్లుమంటే ఎర్త్ తీగ లేనట్టే. ఎస్‌ఎంపిఎస్ ఫిల్టర్ కెపాసిటర్ల గుండా స్వల్ప కరెంటు క్యాబినెట్‌కు వస్తుంది. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి ముందు కొలిపించండి.

కొండాపూర్ 230:
సార్, ఎర్తింగ్ రాత్రి పూట బాగుండి మధ్యాహ్నం చెడిపోదు కదా.

మౌలాలి విశ్రాంత ఇంజినీరు:
అయినా కొలవాలి. ఎర్త్ లేని ఇంట్లో ఏ భాగం మార్చినా అది భద్రం కాదు.

అంబర్‌పేట ఎడిటర్:
బెంచి గారూ, ఆరిపోయాక బటన్ నొక్కినా పలకడం లేదు. వెనుక స్విచ్ ఆపి, కొంతసేపు ఆగి వేస్తేనే వస్తోంది. జిల్లుమనడం లేదు. మల్టీమీటర్‌తో 12 వోల్టుల తీగ చూస్తే 12.05 ఉంది.

కొండాపూర్ 230:
మల్టీమీటర్ సగటును చూపిస్తుంది. మిల్లీసెకన్ల పాటు పడిపోయేది అందులో దొరకదు. ఆ 12.05 ఏమీ నిరూపించదు.

పార్క్‌లేన్ బెంచి:
11.4 నుంచి 12.6 మధ్య ఉండాలన్న ప్రమాణానికి అది లోపలే ఉంది కనుక, ఎస్‌ఎంపిఎస్ పూర్తిగా పోయిందన్న షాపు మాట నిలవదు. క్షణికంగా వోల్టేజి పడిపోతే సాధారణంగా సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. స్విచ్ ఆపితే తప్ప పలకకపోవడం రక్షణ సర్క్యూట్ పట్టుకుని ఆపేసిన లక్షణం.

కొండాపూర్ 230:
మీరు షాపు మనిషి కనుక షాపు మాట నిలవదనడం మీకు సులువు. నాకు ఒక షాపులో ఎస్‌ఎంపిఎస్ పోయిందని చెప్పి కొత్తది అంటగట్టారు, సమస్య తీరలేదు. తరువాత చూస్తే ర్యామ్ సరిగా కూర్చోలేదు. పాత ఎస్‌ఎంపిఎస్ తిరిగి అడిగితే ఇవ్వలేదు. అప్పటి నుంచి ఏ బెంచి మాటా నమ్మను, నేరుగా మంచి భాగం కొని వేసుకుంటాను. మీరు పరీక్ష, పరీక్ష అంటున్నది మనిషిని మీ కౌంటరు దాకా రప్పించడానికే.

పార్క్‌లేన్ బెంచి:
ఆ మాట నన్ను బాధించింది, అయినా జవాబు చెబుతాను. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల బెంచి మీద కూర్చునే ఎవరినైనా అడగండి. లోపం వెతకడానికి సగం రోజు పడుతుంది, ఆ సగం రోజుకు ఎవరూ రూపాయి ఇవ్వరు. "చూసి చెప్పడానికి కూడా డబ్బా?" అంటారు. చెప్పాక ఆ భాగాన్ని ఆన్‌లైన్‌లో కొనుక్కుంటారు. వెతికినందుకు డబ్బు రాదు, భాగం అమ్మితేనే వస్తుంది కనుక, చూడకుండానే భాగం పేరు చెప్పే షాపులు తయారయ్యాయి. మీకు జరిగింది అన్యాయమే, దానిని నేను సమర్థించను. కానీ మీరు ఎడిటర్ గారికి చెబుతున్నది కూడా అదే పని: చూడకుండా కొనమనడం.

బోయిన్‌పల్లి గేమర్:
ఇది న్యాయమైన మాట.

కొండాపూర్ 230:
అయితే నా అభ్యంతరం సూటిగా చెబుతాను. ఫీజు ఇవ్వడానికి నేను సిద్ధమే. ఏమి పరీక్షించారో, ఏమి కనబడిందో కాగితం మీద రాసి ఇవ్వాలి, తీసిన భాగం నా చేతికి తిరిగి రావాలి. ఇంతవరకు ఏ షాపూ ఈ రెండూ చేయలేదు. రాసి ఇవ్వని మాటకు నేను డబ్బు ఇవ్వను.

పార్క్‌లేన్ బెంచి:
రాసి ఇవ్వమంటే ఇస్తాను. ఫీజు ఇచ్చాక ఆ కాగితం మీదే, ఎక్కడ కొనుక్కున్నా నాకు పేచీ లేదు. ఎడిటర్ గారూ, మీకు ఫీజు అవసరం లేదు, రెండు పరీక్షలు ఇంట్లోనే చేయండి. మొదటిది: మూత మూసే ఉంచి, మధ్యాహ్నం పూటే, ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కార్డు పవర్ లిమిట్‌ను (అది తీసుకోగల విద్యుత్తు హద్దును) 70 శాతానికి తగ్గించి ఎక్స్‌పోర్ట్ పెట్టండి. రెండవది: లిమిట్ మళ్లీ 100 చేసి, క్యాబినెట్‌ను టేబుల్ అర లోంచి బయటికి తీసి, స్టూలు మీద పెట్టి, కింద ఉన్న ఎస్‌ఎంపిఎస్ ఫ్యాన్‌కు గాలి అందేలా చేయండి. రెండూ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

అంబర్‌పేట ఎడిటర్:
రెండూ చేశాను. 70 శాతం దగ్గర టేబుల్ అరలోనే ఉంచినా ఆరిపోలేదు, ఎక్స్‌పోర్ట్ కొద్దిగా ఆలస్యమైంది. లిమిట్ 100 చేసి స్టూలు మీదికి మార్చాక కూడా ఇంతవరకు ఆరిపోలేదు. అరలో ఉన్నప్పుడు ఎస్‌ఎంపిఎస్ ఫ్యాన్ చెక్కకు దాదాపు ఆనుకుని ఉంది, జాలీ నిండా దుమ్ము కూడా ఉంది.

పార్క్‌లేన్ బెంచి:
ఎస్‌ఎంపిఎస్ వేడికి ఆగిపోతోందన్న మాట. ప్రాసెసర్ కూలర్ మార్చినా ఆ వేడి తగ్గేది కాదు.

కొండాపూర్ 230:
లోపం ఎస్‌ఎంపిఎస్ దగ్గరే ఉందని నేను మొదటే చెప్పాను. అన్నాళ్లు ఆ వేడిలో పనిచేసిన కెపాసిటర్లను నమ్మి పెళ్లిళ్ల సీజన్ నడపడం ప్రమాదం.

మౌలాలి విశ్రాంత ఇంజినీరు:
ఆ మాట నిజం. కెపాసిటర్ వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది.

అంబర్‌పేట ఎడిటర్:
ఈ సీజన్ డబ్బు చేతికొచ్చాక 50 డిగ్రీల దగ్గర పూర్తి వాట్లు ఇస్తుందని రాసి ఉన్న 750 వాట్ల ఎస్‌ఎంపిఎస్ తీసుకుంటాను. అప్పటి వరకు క్యాబినెట్ స్టూలు మీదే ఉంటుంది, మధ్యాహ్నం లిమిట్ 70 దగ్గరే ఉంచుతాను. బెంచి గారూ, మీరు ఫీజు వద్దన్నా, కొత్తది బిగించే రోజున పరీక్ష ఫీజు కలిపి ఇస్తాను. కొండాపూర్ గారు అడిగినట్టే కాగితం మీద రాసి ఇవ్వండి. ఎర్తింగ్ కొలవడానికి ఎలక్ట్రీషియన్ ఆదివారం వస్తున్నాడు.