గూట్లో దీపం, డిక్కీలో దీపం

పోయిన వారం కడపలో ఏడు రోడ్ల కూడలి దగ్గర నా స్కూటర్ డిక్కీలో చిన్న ఎల్‌ఈడీ లైటు పెట్టించుకున్నాను. చీకటి పడ్డాక ఒక చేత్తో ఫోన్ టార్చి పట్టుకొని, ఇంకో చేత్తో బండి కాగితాలు తడుముకోవడంతో విసుగొచ్చింది. పని అయ్యాక సీటు ఎత్తితే రెయిన్ కోటు కింద జారిపోయిన తాళం చెవి కూడా కనబడింది. పక్కనున్న పెద్దాయన ఒంగి చూసి, "గూట్లో దీపం పెట్టినట్టుండాది కదప్పా" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. "గూట్లో దీపం, నోట్లో ముద్ద" అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. గూడంటే గోడలో దీపం పెట్టే చోటు. దీపం పెట్టే వేళకే అన్నం తినేయాలని అర్థం. గూడు, నోరు అని పక్కపక్కన పెట్టి చూడండి, ప్రాస లేదు. 'లో' చేరబోతే గూడు 'గూటి' అవుతుంది, నోరు 'నోటి' అవుతుంది. 'లో' లాంటి విభక్తులు చేరేముందు మాట చివర వచ్చే ఇ, టి, తి వర్ణాలను బడిలో ఔపవిభక్తికాలని చదువుకున్నామే, ఆ 'టి' వర్ణమే ఇది. తర్వాత ఇకారం జారిపోయి గూట్లో, నోట్లో. ఇంత అందమైన జోడీని కుదిర్చింది వ్యాకరణమే! డిక్కీకి ఈ భాగ్యం లేదు, 'డిక్కీలో' అంతే.

*ప్రొద్దుటూరు నుంచి ఒక సభ్యురాలు:*
మా జేజి వాళ్ల మట్టిమిద్దెలో తలుపు పక్కన గూడు ఉండేది. బుడ్డి పెట్టీ పెట్టీ పైభాగం నల్లగా మసిబారింది. సున్నం కొట్టినా ఆ మసి పోయేది కాదు. డిక్కీని గూడు అనేద్దామా అన్నా?

*నా జవాబు:*
వద్దక్కా. డిక్కీ మనదైపోయింది. ఇంగ్లీషులో అది బండి వెనక సీటు పేరు. కార్లలో ఆ సీటు పోయినా సామాను పెట్టే చోటుకు మన దగ్గర పేరు నిలిచింది. దాన్ని మార్చనక్కర్లేదు. లైటును మాత్రం 'గూటి దీపం' అందాం.

*ఇంకొక సభ్యుడు:*
మాట బాగుంది. బ్యాటరీ దిగిపోదా?

*నా జవాబు:*
పన్నెండు వోల్టుల స్ట్రిప్‌లో మూడు బల్బులకొకసారి కత్తిరించే గీత ఉంటుంది. నేను ఆరు బల్బుల ముక్క వేయించాను, దాదాపు 40 మిల్లీ ఆంపియర్లే లాగుతుంది. బ్యాటరీ దగ్గరే మెకానిక్ ఒక ఆంపియర్ ఫ్యూజు పెట్టాడు. ఫ్రిజ్ తలుపుకుండేలాంటి నొక్కుడు స్విచ్చి వేశాడు, సీటు మూస్తే ఆరిపోతుంది. స్విచ్చి ఇరుక్కుపోతే మాత్రం రోజుల తరబడి వెలుగుతూనే ఉండి బ్యాటరీ దిగిపోతుంది. అందుకే సీటును కొద్దిగా ఎత్తి, సందులోంచి చూస్తూ మెల్లగా దించి, ఆరిందో లేదో చూసుకున్నాను.

గోడలో దీపం పెట్టే ఆ చోటును మీ ఊర్లో గూడు అనే అంటారా, వేరే మాట ఉందా? ఊరి పేరుతో సహా రాయండి.