మీరు చెప్పిన యానిమేషన్ సినిమాలు చూశాను, టొటోరో మాత్రం నాకు ఎక్కలేదు

సెకండ్‌షో

పోయిన నెల మంచి యానిమేషన్ సినిమాలు చెప్పమని అడిగితే మీరంతా బోలెడు పేర్లు ఇచ్చారు. వాటిలో మూడు చూశాను, నాకు అనిపించింది అనిపించినట్టు రాస్తున్నా.

ముందు 'గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్', యుద్ధకాలపు జపాన్‌లో ఒక అన్న, చెల్లెలి కథ. రాత్రి పదిన్నరకి మొదలుపెట్టాను, అయిపోయాక లేచి లైట్ వేసే ఓపిక కూడా లేదు. 1945 సెప్టెంబర్ 21 రాత్రి నేను చనిపోయాను అని ఆ అబ్బాయే మొదట్లో చెప్పేస్తాడు, అంటే ఏం జరగబోతుందో మనకి తెలుసు, అయినా చెల్లెలు బతుకుతుందేమో అని చివరిదాకా ఆశపడుతూనే ఉన్నా. రేకు డబ్బాలో చప్పరించే తీపి బిళ్లలు అయిపోతే అన్న అందులో నీళ్లు పోసి ఊపి ఇస్తాడు చూడండి, ఆ పిల్ల తాగి అన్ని రుచులూ ఉన్నాయని ఒక్కొక్కటే చెప్తుంది. అక్కడ ఆపేసి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను.

'ఫ్లో' కూడా బాగా నచ్చింది. వరదలో పిల్లి, పడవ, ఒక్క డైలాగ్ లేదు, అయినా కళ్లు తిప్పుకోలేదు.

'మై నైబర్ టొటోరో' దగ్గరే ఆగిపోయాను. ఇందులో ఏమీ జరగలేదు కదా? విలన్ లేడు, గొడవ లేదు, ఇద్దరు పిల్లలు నాన్నతో పల్లెటూరికి వస్తారు, అడవిలో పెద్ద బొచ్చు జీవి కనిపిస్తుంది, అంతే. ఉన్నదే 86 నిమిషాలు, అందులో గంటసేపు ఇప్పుడేదో మొదలవుతుందని ఎదురుచూశాను. ఇక్కడ ఇంతమంది దాన్ని ప్రాణం పెట్టి ఇష్టపడుతున్నారంటే నేనేదో మిస్సయ్యాననే అనుకుంటున్నా. ఏమిటో చెప్పండి. ఇంకోటి, మా పాపకి ఆరేళ్లు, సబ్‌టైటిల్స్ చదవలేదు, ఈ మూడింట్లో తనకి ఏది చూపించొచ్చు?

రేగుచెట్టు

ఏమీ జరగలేదనడం నేను ఒప్పుకోను సెకండ్‌షో గారూ. టొటోరోలో ఆ పిల్లల అమ్మ హాస్పిటల్లో ఉంది. సినిమా అంతా అదే జరుగుతోంది.

మీరు చూసిన ఈ రెండు జపాన్ సినిమాలూ 1988 ఏప్రిల్ 16న ఒకే రోజు, ఒకే టికెట్ మీద రిలీజయ్యాయి. రెండూ జిబ్లీ అనే స్టూడియో వాళ్లవే, ఫైర్‌ఫ్లైస్ తకహతా తీశాడు, టొటోరో మియజాకి. రెండింట్లోనూ అమ్మ దగ్గర లేని ఇద్దరు పిల్లలు, పెద్దవాళ్లు చిన్నవాళ్లని చూసుకోవడం. మియజాకి వాళ్లమ్మకి వెన్నెముక క్షయ, ఆయన చిన్నప్పుడు ఏళ్ల తరబడి మంచంలోనే ఉంది. అది తెలిశాక నాకు ఈ సినిమా వేరేగా కనిపించింది.

నా సంగతి కూడా చెప్తాను. మా అమ్మకి ఆపరేషనై రెండు నెలలు హాస్పిటల్లో ఉన్నప్పుడు నాకు తొమ్మిదేళ్లు, మా అక్కకి పదమూడు. పొద్దున్నే ఉప్మా చేసి, నా బాక్సు కట్టి, నా షూ లేసులు కట్టి, తర్వాత తను రెడీ అయ్యేది. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. డాక్టర్ ఇంకో వారం ఆగాలన్నారని నాన్న ఫోన్ చేసిన రోజు మాత్రం పక్కింటి అత్తమ్మ దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది, నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. టొటోరోలో హాస్పిటల్ నుంచి టెలిగ్రాం వచ్చాక పక్కింటి బామ్మ దగ్గర అక్క సత్సుకి ఏడుస్తుంది కదా, వెనకాల చెల్లెలు మేయ్ నిలబడి చూస్తుంది కదా, అది మా ఇల్లే. ఆ తర్వాతే చిన్నది మొక్కజొన్న పొత్తు పట్టుకుని అమ్మకి ఇద్దామని ఒంటరిగా హాస్పిటల్‌కి బయల్దేరుతుంది. ఆ సీన్ గుర్తుపెట్టుకుని సినిమా మళ్లీ మొదట్నుంచి చూడండి.

గోదారిగట్టు

నాకూ మొదటిసారి ఎక్కలేదు, ట్రైన్‌లో ఫోన్‌లో చూశాను మరి. రెండోసారి ఇంట్లో పెద్ద స్క్రీన్ మీద హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూశా. బస్టాప్ సీన్‌కే పడిపోయాను. వాన, చీకటి, చెల్లి అక్క వీపు మీద నిద్రపోతోంది, నాన్న బస్సు రాలేదు. టొటోరో వచ్చి నెత్తిన ఆకు పెట్టుకుని పక్కనే నిలబడుతుంది. సత్సుకి గొడుగు ఇస్తే దానిమీద పడే చినుకుల చప్పుడు విని దాని కళ్లు పెద్దవవుతాయి, ఎగిరి ఒక్కసారి దూకుతుంది, చెట్ల మీద ఉన్న నీళ్లన్నీ దభాలున పడతాయి. ఇంతకన్నా ఏం జరగాలండీ.

పాప సంగతికొస్తే, మిణుగురుల సినిమా, అదే 'ఫైర్‌ఫ్లైస్', మాత్రం ఇప్పుడు వద్దు, దయచేసి వద్దు. కార్టూనే కదా అని మా వదిన వాళ్ల ఎనిమిదేళ్ల బాబుకి పెట్టేసింది, వాడు వారం రోజులు అమ్మ పక్కనే పడుకున్నాడు. 'ఫ్లో' పెట్టండి, చదవాల్సిన పని లేదు. మా నాయనమ్మ కూడా పూర్తిగా చూసింది, పిల్లి నీళ్లలో పడినప్పుడల్లా "అయ్యో, ఎవరైనా పట్టుకోండ్రా" అంటూ. తెలుగులోనే కావాలంటే జపాన్ దర్శకుడు యుగో సాకో, మన రామ్ మోహన్ వాళ్లు చేసిన పాత రామాయణం యానిమేషన్ సినిమా ఉంది కదా, 2025 జనవరిలో తెలుగు డబ్బింగ్‌తో మళ్లీ థియేటర్లకి వచ్చింది. చేత్తో గీసిన బొమ్మలు, మా పిల్లలు లంక సీన్లకి కుర్చీల్లో కూర్చోలేదు.

కీఫ్రేమ్

నేను యానిమేషన్ పనిలోనే ఉన్నాను కాబట్టి బొమ్మ గురించి చెప్తాను. టొటోరోలో మేయ్ మెట్లు ఎలా ఎక్కుతుందో ఒకసారి చూడండి, చేతులు కూడా నేల మీద పెట్టి, అచ్చం నాలుగేళ్ల పిల్ల ఎక్కినట్టే. పెద్దవాళ్ల నడకని చిన్న బొమ్మకి తగిలిస్తే అలా రాదు, పిల్లల్ని గంటలు గంటలు గమనించినవాడే గీయగలడు. గ్రేవ్‌లో అయితే గీతలు చాలావరకు నల్లగా ఉండవు, గోధుమరంగులో ఉంటాయి. అందుకే ఆ మొహాలు అంత మెత్తగా కనిపిస్తాయి.

'ఫ్లో' మీద మాత్రం ఇక్కడ కొందరు బొచ్చు సరిగ్గా లేదు, గేమ్‌లా ఉంది అన్నారు, నాకు బాధేసింది. అది లాట్వియా సినిమా, ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేశారు, ఆస్కార్ కొట్టింది. మా ఆఫీసులో కుర్రాళ్లు అది చూసిన మర్నాడే సొంత కథలు రాయడం మొదలుపెట్టారు. బొచ్చు వెంట్రుక వెంట్రుకా కనిపించకపోతే ఏం, ఆ పిల్లి చెవులు వెనక్కి వాల్చిందంటే భయపడిందని ఎవరూ చెప్పక్కర్లేదు.

సెకండ్‌షో

అందరికీ థాంక్సండీ. రేగుచెట్టు గారూ, మీ అక్కగారి గురించి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

నిన్న ఆదివారం పాపని పక్కన కూర్చోబెట్టుకుని టొటోరో మళ్లీ పెట్టాను, డైలాగులు నేనే తెలుగులో చెప్తూ. ఈసారి హాస్పిటల్లో అమ్మ సత్సుకి జుట్టు దువ్వే సీన్ దగ్గరే గొంతు పట్టేసింది, పాప "చెప్పు నాన్నా, ఏమంటోంది" అని గుంజుతోంది. మేయ్ తప్పిపోయాక చెరువులో చిన్నపిల్ల చెప్పు ఒకటి దొరికినప్పుడు పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అయిపోయి పేర్లు పడుతుంటే నేను అలవాటుగా రిమోట్ తీశాను. "వాళ్లమ్మ ఇంటికి రాలేదుగా, ఆపకు" అంది. ఆపలేదు. పేర్ల పక్కనే బొమ్మల్లో వాళ్లమ్మ టాక్సీలో ఇంటికి వచ్చేసింది. మొదటిసారి నేను అది చూడనే లేదు.

వచ్చే ఆదివారం 'ఫ్లో'. పిల్లికి ఏమీ కాదు కదా అని ఇప్పటినుంచే అడుగుతోంది.