ఎండోమెట్రియోసిస్: మనిషిని చూసి జబ్బు పేరు మారుతుందా?

సీతమ్మధార అమ్మాయి:
మా చెల్లికి ఇంటర్ నుంచీ నెలసరి అంటే నరకమే, మాత్ర వేసుకుని వేడినీళ్ల బ్యాగ్ పొట్టకి అదుముకుని ముడుచుకుపోతుంది. ఇక్కడ ఒకచోట చూపిస్తే స్కాన్ నార్మల్, పెళ్లయితే అదే సర్దుకుంటుంది అని పంపేశారు. అమెరికాలో ఉన్న మా వదినేమో ఇది ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటిది గర్భాశయం బయట పెరిగే జబ్బు) కావచ్చు, ఆసియావాళ్లకి ఎక్కువట, నల్లజాతివాళ్లకి తక్కువట అంటోంది. జాతిని బట్టి వస్తుందా ఇది? మేమేం చెయ్యాలి?

ఉక్కునగరం:
ఆ లెక్క ఉన్నమాట నిజమే. పాత అధ్యయనాలు కలిపి చూసిన 2019 సమీక్షలో, తెల్లవాళ్లతో పోలిస్తే నల్లజాతి మహిళలకి నిర్ధారణ అయ్యే అవకాశం సుమారు సగమే, ఆసియావాళ్లకి ఎక్కువ అని తేలింది. కానీ అది జబ్బు లెక్క కాదండీ, జబ్బు పేరు ఫైల్లో రాయించుకోగలిగినవాళ్ల లెక్క. ఒకప్పుడు అమెరికాలో దీన్ని డబ్బున్న తెల్లవాళ్ల జబ్బు అనుకునేవారు. 1976లో డొనాల్డ్ చాట్‌మన్ అనే షికాగో డాక్టరు, తన దగ్గరికొచ్చిన నల్లజాతి మహిళలకి ల్యాప్రోస్కోపీ (పొట్టకి చిన్న గాటు పెట్టి కెమెరాతో లోపల చూడటం) చేసి చూస్తే 20 శాతానికి పైగా ఎండోమెట్రియోసిసే! వాళ్లలో చాలామందికి అంతకుముందు కటి (పొత్తికడుపు) ఇన్‌ఫెక్షన్ అని ముద్ర వేశారు. వెతకనిచోట దొరకదు కదా.

ఓపీ సిస్టర్:
అంత దూరం ఎందుకు. నేను నర్సుని. పాడేరు కొండల వైపు నుంచి వచ్చినావిడ పొత్తికడుపు నొప్పి అనగానే ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్ రాసి పంపేస్తారు, అదే నొప్పికి ఎంవీపీ కాలనీ నుంచి కారులో వచ్చినావిడకి ఎమ్మారై. "కొండెక్కి దిగేవాళ్లు, ఓర్చుకుంటార్లే" అన్నమాట నా చెవులతో విన్నాను. వర్జీనియా యూనివర్సిటీవాళ్ల 2016 పరిశోధనలో, నల్లవాళ్ల చర్మం మందం లాంటి అపోహల్లో కనీసం ఒకటి నిజమే కావచ్చని తెల్లజాతి వైద్య విద్యార్థులు, రెసిడెంట్ల (శిక్షణలో ఉన్న డాక్టర్లు)లో సగం మంది అన్నారు. మనవాళ్లని అడిగితే ఏం బయటపడుతుందో!

గాజువాక అక్క:
ఇవన్నీ సరే, ఆ పిల్ల సంగతి చూడండి. స్కాన్ నార్మల్ అంటే జబ్బు లేదని కాదమ్మా, పైపైన ఉండే మచ్చలు మామూలు స్కాన్‌లో కనపడవు. నొప్పి ఏ తారీకున మొదలైంది, ఎన్ని మాత్రలు వేసుకుంది, మోషన్‌కి వెళ్లేటప్పుడు నొప్పుందా, అన్నీ రాసి పట్టుకెళ్లండి. ల్యాప్రోస్కోపీ దాకా ఆగకుండానే హార్మోన్ మాత్రలు మొదలుపెట్టొచ్చని 2022 యూరప్ మార్గదర్శకాలే చెబుతున్నాయి, అడగండి. మన దగ్గర గర్భాశయ టీబీ కూడా ఉంటుంది, అది కాదని తేల్చుకోండి. పెళ్లి మందు కాదు.

సీతమ్మధార అమ్మాయి:
థాంక్సండీ. ఇప్పుడే అడిగాను, మోషన్‌కి వెళ్లినప్పుడు నొప్పి ఉంటుందట, ఇన్నాళ్లూ ఏ డాక్టరూ అడగలేదు కాబట్టి చెప్పలేదట. సోమవారం వేరేచోట చూపిస్తాం.