‘సపోజ్డ్ కాజ్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: అమెరికా పాత ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల రికార్డుల మీద వ్యాసం రాస్తున్నాను. పంతొమ్మిదో శతాబ్దపు రిజిస్టర్లలో పేరు, వయసు, వృత్తితో పాటు ‘సపోజ్డ్ కాజ్ ఆఫ్ ఇన్సానిటీ’ అని ఒక గడి కనిపిస్తుంది. ‘పిచ్చికి కారణం’ అంటే చాలా?

జవాబు: చాలదండీ. ‘సపోజ్డ్’ను వదిలేస్తే ఆ మనుషులకు అన్యాయం జరుగుతుంది. వెస్ట్ వర్జీనియాలోని వెస్టన్ ఆసుపత్రి 1864లో మొదలై 1994లో మూతపడింది. అక్కడి 1864–1889 నాటి జాబితా ఒకటి ఇప్పటికీ చేతులు మారుతోంది: నవలలు చదవడం, దుఃఖం, ఇంటి గొడవలు, మతావేశం, యుద్ధం, సోమరితనం, తల మీద గుర్రం తన్నడం. దానికి ‘చేర్చుకోవడానికి కారణాలు’ అని పేరు పెట్టి పంచుతున్నారు. దాంతో నవల చదివితే చాలు, లోపల వేసేవారని జనం నమ్మేస్తున్నారు. ఆ గడిలోకి ఎక్కువగా చేరింది వెంట వచ్చినవాళ్లు చెప్పిన మాటే. ఒక ఇంట్లో ఇలా జరిగిందనుకోండి: మనిషి మారిపోయింది, ఎందుకో అంతుపట్టలేదు, అంతకుముందు పగలూ రాత్రీ పుస్తకం పట్టుకుని ఉండేది. ఇంటివాళ్లు ఆ రెంటినీ ముడిపెట్టారు, గుమాస్తా రాసుకున్నాడు. మనకు దీనికి ఒక్క అక్షరం ఉంది: ‘ట’. ‘నవలలు చదివి మతి చలించిందట.’

ఇంకొకరు: కానీ ‘ట’లో వెటకారం కూడా పలుకుతుంది కదండీ. ‘ఆయనగారికి తీరిక లేదట!’ అంటే నమ్మలేదనే అర్థం. తల్లో తండ్రో ఏడుస్తూ చెప్పిన మాటకు ఆ స్వరం తగలకూడదు.

జవాబు: ఒప్పుకుంటాను. అయితే గడి పేరు ‘అనుకున్న కారణం’ అనండి. అనుకున్నది ఇంటివాళ్లా, డాక్టరా అన్నది మూలంలో తేలదు, తెలుగులోనూ తేలనక్కర్లేదు. వాక్యంలో రాసేటప్పుడు ఎవరు చెప్పారో తెలిస్తే వాళ్ల పేరిటే రాయండి. ‘భావించబడిన కారణం’ మాత్రం దయచేసి వద్దు, అలా ఎవరూ మాట్లాడరు.

ఇంటికి పంపేటప్పుడు రోగి ఎలా ఉన్నారో రాసే డిశ్చార్జి గడి సంగతి కూడా చూసుకోండి. ‘రికవర్డ్’కు ‘నయమైంది’ సరిపోతుంది. ‘ఇంప్రూవ్డ్’కు ‘మెరుగుపడిన’ అని రాస్తుంటారు, అది రోడ్డు మరమ్మతులా ఉంది. జ్వరం తగ్గుముఖం పడితే మన పెద్దవాళ్లు ‘గుణం కనిపించింది’ అంటారు. అదే ఇక్కడికి అతుకుతుంది. ‘అన్‌ఇంప్రూవ్డ్’ అంటే ‘గుణం లేదు’. అలా రాసి ఇంటికి పంపినవాళ్లూ ఉన్నారు కాబట్టి, ఆ మాటను ‘ఎప్పటికీ నయం కానిది’ అని మాత్రం మార్చకండి.