క్లచ్ పెడల్ గట్టిపడింది, పట్టే చోటు పైకొచ్చింది: గేర్‌బాక్స్ దించక ముందు ఏం చూడాలి?

మూడులాంతర్లు_వ్యాగనార్ (విజయనగరం):

బండి వ్యాగనార్ 1.0 పెట్రోల్, 71,000 కిలోమీటర్లు తిరిగింది. క్లచ్ కేబుల్ రకం. నెల రోజులుగా పెడల్ బరువెక్కుతూ వస్తోంది. క్లచ్ పట్టే చోటు కూడా పైకి జరిగింది, పెడల్ దాదాపు మొత్తం వదిలితే గానీ బండి కదలదు. నొక్కుతుంటే మధ్యలో ఒకచోట ఇసుక మీద కాలు పెట్టినట్టు గరగరమంటోంది. గేర్లు బాగానే పడుతున్నాయి, రివర్స్‌లో కూడా శబ్దం లేదు. గంటస్తంభం దగ్గర ట్రాఫిక్‌లో అరగంట నడిపితే మోకాలు లాగేస్తోంది. మెకానిక్ బానెట్ ఎత్తకుండానే క్లచ్ సెట్ మొత్తం మార్చీయాలంటున్నాడు. గేర్‌బాక్స్ దించితే మళ్లీ మళ్లీ దించే పని కాదు కదా, అందుకే ముందుగా పైనుంచి తేల్చుకోగలిగేవి ఏటో చెప్పండి.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం):

మీరు చెప్పినవాటిలో రెండు వేర్వేరు సమస్యలు కలిసి ఉండొచ్చు. బరువు, గరగర ఒకటి. పట్టే చోటు పైకి రావడం ఇంకొకటి. రెండింటికీ ఒకే మందు అని ముందే అనుకోకండి.

మొదట ఒక్క పని చేయించండి. గేర్‌బాక్స్ మీద ఫోర్క్ లివర్ (కేబుల్ లాగితే కదిలి క్లచ్‌ని విడదీసే చేయి) దగ్గర కేబుల్ చివర నట్టు ఉంటుంది. దాన్ని తిప్పక ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి, ఎన్ని మరలు బయటికి ఉన్నాయో కనపడేలా. ఆ ఫొటో తర్వాత అక్కరకొస్తుంది. ఇప్పుడు కేబుల్‌ని ఫోర్క్ నుంచి విడదీసి, పెడల్‌ని చేత్తో నొక్కి చూడండి. క్లచ్ లోపలి స్ప్రింగు బరువు ఇప్పుడు పెడల్ మీద లేదు, కాబట్టి వేలితో నెడితే దిగిపోవాలి. దిగినది పైకి రాకపోయినా కంగారు వద్దు, లాగే బరువు లేనప్పుడు కొన్ని బండ్లలో అలాగే ఉంటుంది.

అప్పుడు కూడా బిరుసుగా, గరగరగా ఉందా? తప్పు కేబుల్‌దో పెడల్ ఇరుసు బుష్‌దో (ఇరుసు తిరిగే చిన్న గొట్టం). గేర్‌బాక్స్‌కి దాంతో సంబంధం లేదు. రెండింట్లో ఏదో తేల్చడానికి పెడల్ దగ్గర కొక్కెం కూడా తీసి, ఖాళీ పెడల్‌ని ఊపండి. ఆ తర్వాత కేబుల్ లోపలి తీగని రెండు వైపుల నుంచి చేత్తో లాగి చూడండి. మంచి కేబుల్‌లో తీగ ఎక్కడా ఆగకుండా జారుతుంది. పాడైనదానిలో అయితే పెడల్ వైపు కొక్కెం దగ్గర వంపు తిరిగే చోట రెండు మూడు పోగులు తెగి పైకి లేచి ఉంటాయి, గుడ్డతో తుడిస్తే గుడ్డకి పట్టుకుంటాయి. ఆ తెగిన పోగే లోపలి గొట్టాన్ని గీరుకుంటూ మీరు చెప్పిన గరగర ఇస్తుంది. ఒక్క పోగు తెగినా కేబుల్ మార్చాల్సిందే. మిగతా పోగులు ఒకదాని తర్వాత ఒకటి తెగి, ఒకరోజు రోడ్డు మధ్యలో పెడల్ నేలకి పడిపోతుంది.

పెడల్ వేలితో దిగిపోతోందా? అప్పుడు బరువు అవతలి వైపుది. కేబుల్ విడదీసే ఉంది కదా, ఫోర్క్ లివర్‌ని పట్టుకుని ఊపండి. రిలీజ్ బేరింగ్ (ఫోర్క్ తోస్తే క్లచ్ స్ప్రింగుని నొక్కే బేరింగ్) తగిలే దాకా కొంచెం వదులుగా కదలాలి. పట్టేసినట్టుంటే ఫోర్క్ షాఫ్ట్ బుష్ ఎండిపోయింది. పైకీ కిందకీ ఊగితే బుష్ అరిగిపోయింది. ఫోర్క్ బాగానే ఉండి, కేబుల్ తగిలించాక బరువుంటే క్లచ్ ప్లేటు అరిగి ఉండొచ్చు. ప్లేటు పలచబడ్డాక డయాఫ్రం స్ప్రింగు (ప్లేటుని నొక్కిపట్టే గుండ్రటి స్ప్రింగు) వేళ్లు వాలే కోణం మారి, నొక్కడానికి ఎక్కువ బలం కావాల్సి వస్తుంది.

ఇక నట్టు సంగతి. ప్లేటు అరిగేకొద్దీ దాన్ని నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటు ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరిగే చక్రం) వైపు జరుగుతుంది, దాని స్ప్రింగు వేళ్లు బేరింగ్ వైపు బయటికొస్తాయి. పెడల్ పైన ఉండే ఖాళీ, అంటే నొక్కడం మొదలెట్టాక బరువు తగిలే దాకా ఊరికే దిగే దూరం, తగ్గుతుంది. ఆ ఖాళీ తిరిగి రావడానికి నట్టుని వదులు చేస్తూ పోవాలి. కాబట్టి మీ ఫొటోలో నట్టు మరల చివరికి వచ్చేసి ఉంటే ప్లేటు బతుకు అయిపోయినట్టే. నట్టు మధ్యలోనే ఉండి, ఖాళీ మాత్రం సున్నా అయితే చాలాకాలంగా ఎవరూ సర్దుబాటు చేయలేదు. పెడల్ పైన ఖాళీ మోడల్‌ని బట్టి మారుతుంది, చాలా చిన్న కార్లకి 10 నుంచి 25 మిల్లీమీటర్ల మధ్య. మీ బండితో ఇచ్చిన పుస్తకంలో అంకె చూసి స్కేలుతో కొలవండి, అంచనా వద్దు.

సాలూరు_ఘాట్:

పైన చెప్పిన దానికి ఒక మాట కలుపుతున్నా. ఖాళీ సున్నా అయిన బండిని అలాగే నడపకండి. పెడల్ వదిలినా బేరింగ్ స్ప్రింగు వేళ్లని నొక్కుతూనే ఉంటుంది, ప్లేటు పూర్తిగా పట్టదు. సుంకి వైపు ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ రేస్ పెరుగుతుంది, బండి వేగం పెరగదు. ఒక్క ఘాట్ చాలు, మాడిన బ్రేకు లైనింగు వాసన వచ్చేస్తుంది. అలా ఒకసారి మాడిన ప్లేటు మళ్లీ బాగుపడదు.

స్లిప్ పరీక్ష, అంటే ప్లేటు పట్టకుండా జారుతోందేమో చూడటం, ఇలా చేయండి. ఖాళీ రోడ్డు మీద, కాస్త ఎత్తు ఎక్కేచోట, పై గేరులో 50 వేగంతో వెళ్తూ ఒక్కసారి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కండి. రేస్ మీటరు ముల్లు వేగంతోపాటే నెమ్మదిగా పెరగాలి. ముల్లు ఎగిరి, వేగం వెనకబడితే స్లిప్. నిలబెట్టి చేసే పరీక్ష కూడా ఉంది: చక్రాలకి రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరులో కొంచెం రేస్ ఇచ్చి క్లచ్ వదలడం. ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి. ఇది ఒక్కసారే చేయాలి. మనవాళ్లు నమ్మకం కుదరలేదని నాలుగైదు సార్లు చేసి బాగున్న ప్లేటుని కూడా కాల్చేస్తారు.

కొత్తవలస_డ్రైవర్:

ఇంత విప్పడం ఎందుకండీ, కేబుల్ గొట్టంలో కాస్త ఇంజిన్ ఆయిల్ పోస్తే మెత్తబడిపోతుంది కదా?

నాగావళి_గట్టు:

వద్దండి. పాత కేబుళ్లకి అది నడిచింది. ఇప్పటి కేబుల్ గొట్టం లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది, తీగ పొడిగానే జారేలా చేసింది. ఆయిల్ పోస్తే వారం పది రోజులు మెత్తగా ఉంటుంది, ఆ తర్వాత రోడ్డు దుమ్ము దాంట్లో కలిసి ముద్దవుతుంది. ముందుకన్నా బిరుసెక్కుతుంది. పైగా తెగిన పోగుల్ని ఆయిల్ అతికించదు. గ్రీజు రాయాల్సింది పెడల్ ఇరుసుకి, కొక్కెం తగిలే చోటుకి, అది కూడా పలచగా. కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రపు గాలి తగిలే బండ్లకి కేబుల్ చివరి రబ్బరు తొడుగు చిరిగిందేమో చూడండి. అక్కడి నుంచే తుప్పు లోపలికి పాకుతుంది.

బారువ_తీరం:

ఇదే చోట అడుగుతున్నా, ఏమనుకోకండి. నాది ఐ20, హైడ్రాలిక్ క్లచ్ (కేబుల్ బదులు ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది). పొద్దున్న మొదటిసారి నొక్కితే పెడల్ మెత్తగా వెళ్లి సగంలోనే ఉండిపోతోంది. రెండు మూడు సార్లు కొడితే మామూలవుతోంది. ఎర్ర సిగ్నల్ దగ్గర నొక్కి పట్టుకుంటే మెల్లగా బండి ముందుకు పాకుతోంది. ప్లేటేనా?

సాలూరు_ఘాట్:

ప్లేటు కాదు. పెడల్ కొడితే బాగవుతోందంటే లోపల గాలి ఉంది, లేదా ఆయిల్ ఎక్కడో కారుతోంది. నొక్కి పట్టినప్పుడు బండి పాకుతోందంటే ఒత్తిడి నిలవడం లేదు. బయట ఎక్కడా తడి లేకపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ దగ్గర ఆయిల్‌ని తోసేది) లోపలి రబ్బరు సీలు పోయి ఉంటుంది. ఆయిల్ ఆ సీలు పక్కనుంచి వెనక్కి జారుకుంటుంది.

ముందు బ్రేకు ఆయిల్ డబ్బా చూడండి. చాలా కార్లలో క్లచ్‌కి వేరే డబ్బా ఉండదు, బ్రేకు డబ్బా పక్కనుంచే చిన్న గొట్టం క్లచ్‌కి పోతుంది. ఆ గొట్టాన్ని అడుగున కాకుండా కొంచెం పైన పెడతారు, క్లచ్ ఆయిల్ కారిపోయినా బ్రేకులకి కొంత మిగలడానికి. అంటే డబ్బాలో మట్టం తగ్గితే మొదట క్లచ్ మెత్తబడుతుంది. అది బ్రేకుల గురించి కూడా హెచ్చరికే. మట్టం తగ్గిందని నింపేసి ఊరుకోకండి, ఎటు పోయిందో వెతకండి.

వెతకాల్సిన చోట్లు మూడు. డ్రైవర్ కాళ్ల దగ్గర, పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్‌లోకి వెళ్లే కడ్డీ చుట్టూ తెల్ల గుడ్డతో తుడవండి. తడి తగిలితే మాస్టర్. గేర్‌బాక్స్ బయట స్లేవ్ సిలిండర్ (ఆ ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని కదిలించేది) ఉంటే దాని రబ్బరు తొడుగు కొంచెం ఎత్తి చూడండి. లోపల తడిగా ఉంటే స్లేవ్. స్లేవ్ గేర్‌బాక్స్ లోపలే బేరింగ్‌తో కలిసి ఉన్న రకమైతే బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్‌ని కప్పే గుల్ల) అడుగున చుక్కలు పడతాయి. అక్కడ పడేది ఇంజిన్ ఆయిల్ కూడా కావచ్చు, ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒక చుక్కని గిన్నెడు నీళ్లలో వేయండి. బ్రేకు ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది. ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్ రంగుల తెరలా పైన తేలుతుంది.

లీకు సరిచేశాకే గాలి తీయాలి. డబ్బా మూత మీద రాసిన రకమే వాడండి, డాట్ 3 లేదా డాట్ 4. సీలు తీయని కొత్త సీసా కావాలి. ఈ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, మన తీరంలో అయితే మరీను. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలకి మరుగుతుంది, నీరు చేరాక 155కి పడిపోవచ్చు. తెరిచి మూలన పెట్టిన సగం సీసాని పడేయండి. పొరపాటున ఇంజిన్ ఆయిల్ గానీ పవర్ స్టీరింగ్ ఆయిల్ గానీ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి, క్లచ్‌తో పాటు బ్రేకు సీళ్లూ మార్చుకోవాలి.

ఇద్దరు మనుషులు ఉండాలి. బ్లీడ్ నిపుల్‌కి (గాలి బయటికి వదిలే చిన్న మర) పారదర్శక గొట్టం తొడిగి, రెండో చివర కొంచెం ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. లోపలి మనిషి పెడల్ నెమ్మదిగా చివరిదాకా నొక్కి పట్టుకోవాలి. బయటి మనిషి నిపుల్ పావు చుట్టు వదిలి, బుడగలు ఆగగానే బిగించాలి. బిగించానని చెప్పాకే పెడల్ పైకి రావాలి, చేత్తో ఎత్తాల్సి వచ్చినా సరే. ముందే వదిలితే వదిలినంత గాలీ మళ్లీ లోపలికి పోతుంది. అయిదారు సార్లకొకసారి డబ్బా నింపుతూ ఉండండి, సగానికి దిగనివ్వకండి. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్లు పోయండి, లేకపోతే రంగు ఊడిపోతుంది.

బారువ_తీరం:

కడ్డీ చుట్టూ గుడ్డకి తడి తగిలింది. మాస్టర్ మార్పిస్తున్నా.

మూడులాంతర్లు_వ్యాగనార్:

కేబుల్ విడదీయించా. పెడల్ చేత్తో నొక్కినా అదే గరగర. కొక్కెం దగ్గర నాలుగు పోగులు తెగి ఉన్నాయి. ఫోర్క్ సాఫీగా కదులుతోంది. నట్టు మధ్యలో ఉంది, ఇంకా పది పన్నెండు మరలు మిగిలాయి. పెడల్ పైన ఖాళీ మాత్రం 3 మిల్లీమీటర్లే. ఎత్తు మీద పరీక్షలో ముల్లు ఎగరలేదు. కొత్త కేబుల్ వేశాక నట్టు పాత చోటుకే తీసుకురావాలా?

నాగావళి_గట్టు:

పాత చోటు మర్చిపోండి, కొత్త కేబుల్ పొడవు దానిదే. వేశాక పెడల్‌ని ఇరవై సార్లు గట్టిగా నొక్కి వదలండి, తొడుగులు వాటి చోట్లలో కూర్చుంటాయి. అప్పుడు పుస్తకంలోని అంకె వచ్చేదాకా నట్టు సర్దండి, బిగిస్తే ఖాళీ తగ్గుతుంది, వదులు చేస్తే పెరుగుతుంది. కేబుల్‌ని పాతది వెళ్లిన దారిలోనే పంపండి, చిన్న వంపు పడితే పెడల్ మళ్లీ బరువే. చివరగా ఇంజిన్ నడుస్తుండగా క్లచ్ పూర్తిగా నొక్కి, మూడు నాలుగు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. కర్రుమంటే ఖాళీ ఎక్కువైంది, ఒక చుట్టు బిగించండి. పెడల్ కింద మ్యాటు మడత పడి అడ్డుగా లేదని చూసుకున్నాకే ఈ పరీక్ష. వారం తర్వాత ఖాళీ ఇంకోసారి కొలవండి, కొత్త కేబుల్ మొదట్లో కొంచెం సర్దుకుంటుంది.