వానకాడులో (వర్షారణ్యంలో) మోడుచెట్టు ఉంటుందా?

కావలి_చిన్నోడు: మా పాప ఏడో తరగతి. వర్షారణ్యాల్లో చెట్లు ఎప్పుడూ పచ్చగానే ఉంటాయని, అందుకే వాటిని సతతహరిత అడవులంటారని క్లాసులో చెప్పారట. తనేమో టీవీలో అమెజాన్ చెట్టొకటి మోడుగా నిలబడి ఉండటం చూసింది. ఏది కరెక్టు? అన్ని వానలు పడే చోట ఆకు రాల్చాల్సిన ఖర్మేంటి?

బూరుగుదూది: రెండూ కరెక్టే. అడవి మొత్తమ్మీద పచ్చగా ఉంటుంది, అందులో కొన్ని చెట్లు మాత్రం ఆకు దులిపేస్తాయి. పాప చూసింది తెల్లబూరుగ అయ్యుంటుంది. 200 అడుగుల దాకా పెరిగి మిగతా చెట్ల తలల మీదుగా లేస్తుంది. అంత ఎత్తున ఎండా గాలీ ఎక్కువ. వానలు తెరిపిచ్చిన నెలల్లో ఆకు ఉంచుకుంటే ఒంట్లో నీళ్లన్నీ ఆవిరే. పనామాలోని బారో కొలరాడో దీవిలో ఏడాదికి 2,600 మి.మీ. దగ్గర వాన పడుతుంది. అక్కడ కూడా డిసెంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా వానలు బాగా తగ్గుతాయి, కొన్ని పెద్ద చెట్లు మోడులవుతాయి.

బూరుగ పూసేది కూడా మోడుగా ఉన్నప్పుడే. పూలు రాత్రి విచ్చుకుంటాయి, ఆకు అడ్డం లేకపోతే గబ్బిలాలకు దారి సులువు. కింద చీకట్లో ఏళ్ల తరబడి ఎదగని మొక్కలకు ఆ కొన్ని వారాలూ ఎండ తగులుతుంది. రాలిన ఆకు తడికీ వేడికీ నెలల్లోనే కుళ్లి మళ్లీ వేళ్లకు చేరుతుంది. ఆ నేలల్లో చాలావాటికి సొంత సారం తక్కువ. ఆకే ఎరువు.

రాపూరు_రూటు: సతతం అంటే ఎల్లప్పుడూ. ఒక్క చెట్టు మోడైనా అది సతతహరితం కాదు. రెండూ కరెక్టనడం కుదరదు.

బూరుగుదూది: పేరు అడవిది సామీ. పచ్చగా ఉండే చెట్టు కూడా ఆకు రాలుస్తుంది, అన్నీ ఒకేసారి రాల్చదు, అంతే. మీ ఇంట్లో మామిడిచెట్టు కింద ఊడవరా?

రాపూరు_రూటు: మామిడి సంగతి ఎవరడిగారు? సతతం అంటే ఏమిటో చెప్పండి.

ఒంగోలు_గిత్త: ఆయనకు నిఘంటువు ఇచ్చి పంపండబ్బా.

సూళ్లూరు_కాలవ: వాన ఎక్కువైతే పచ్చన, తక్కువైతే మోడు అనే లెక్కే తప్పు. శ్రీహరికోట (2022 దాకా మన నెల్లూరు జిల్లానే) చూడండి. నెలల తరబడి చినుకుండదు, అయినా పాలచెట్టు, అల్లిచెట్టు పచ్చగానే ఉంటాయి. ఆకు చిన్నది, మందం. కొండల్లో ఏగిస, ఎర్రచందనం మాత్రం రాల్చేస్తాయి.

ఉదయగిరి_మేకలు: ఆకే ఎరువని మా ఊరొచ్చి కూడా చెప్పిపోయారు. కొండ కింద ఆకు ఊడవొద్దన్నారు. ఆ ఎండాకాలమే నిప్పంటుకుంది. ఎవరు పెట్టారో తెలీదు, మేకలోళ్లే అన్నారు. మా నాయన్ని ఒక ఆఫీసు చుట్టూ మూడు రోజులు తిప్పారు. రెండు మేకలు కాలిపోయాయి, దానికి లెక్కాజమా లేదు. మార్చిలో వచ్చి ఆ ఆకు మీద నడిచి చూడండి, అప్పుడు చెప్పండి ఎరువో కాదో.

బూరుగుదూది: ఇక్కడ అడిగింది వర్షారణ్యం గురించి. మీ గొడవకు వేరే పోస్టు పెట్టుకోండి. అయినా కొత్త గడ్డి కోసం నిప్పు పెట్టేవాళ్లు లేరంటారా?

ఉదయగిరి_మేకలు: వచ్చిందా మనసులో మాట! ఇంతసేపూ పనామా, గబ్బిలాలు. అడిగితే నిప్పు పెట్టింది మేమే. అడవి మీది, ఆకు మీది, కాలితే మాత్రం మాది.

కావలి_చిన్నోడు: అన్నా, కొంచెం తగ్గండి ఇద్దరూ.

బూరుగుదూది: ఆ మాట అనకుండా ఉండాల్సింది, తప్పే. ఇంకోటి కూడా ఒప్పుకుంటా. వానకాడులో ఆకు తడి నేల మీద పడుతుంది. మన దగ్గర జనవరి నుంచి రాలింది వాన పడేదాకా ఎండుతూనే ఉంటుంది. అక్కడి మాట తెచ్చి ఇక్కడ అట్టాగే చెప్పకూడదు. అట్టాగని మొత్తం ఊడ్చేస్తే తుపాను వానకు కొండ మట్టంతా కిందికి దిగుతుంది. ఫైర్ లైన్ (నిప్పు దాటకుండా ఖాళీగా ఉంచే పట్టీ) మేరకు ఊడిస్తే చాలు.

రాపూరు_రూటు: సతతం సంగతి తేలలేదు.

ఉదయగిరి_మేకలు: ఫైర్ లైన్ మా దగ్గర జనవరిలో ఒకసారి ఊడుస్తారు, కూలోళ్లను బయటినుంచి తెస్తారు. ఆకు మార్చి దాకా రాలుతుంది. ఆ రెండో ఊడ్పు ఎవరిది? మాకు కూలి ఇప్పించండి, మేకలు తోలుకుపోతూ మేమే ఊడుస్తాం.